ఏ భాష పైచేయి అయితే ఏ తప్పు? చైనీస్ నేర్చుకునే బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బళ్ళోనూ ఆఫీసులోనూ ఇంగ్లీషు. ఇన్నిటి మీద మాండరిన్ (ఈ పేజీలో చైనీస్ అంటే ఇదే) మొదలుపెట్టినవాళ్ళ కోసం, వాళ్ళకు పాఠం చెప్పేవాళ్ళ కోసం, చైనీస్ చదివే పిల్లల తల్లిదండ్రుల కోసం ఈ పేజీ. చైనీస్ మాటలను తెలుగు అక్షరాల్లో దగ్గరగా రాశాం. ఖ, థ, ఛ ఉన్నచోట ఊపిరి గట్టిగా వదలండి, క, త, ప, చ ఉన్నచోట వదలకండి. ఫ మాత్రం 'ఫ్యాను'లో పలికినట్టే. స్వరాలు (మాట పలికేటప్పుడు గొంతు ఎత్తి దించే తీరు) ఇక్కడ గుర్తించలేదు, వాటిని మీ పాఠ్యపుస్తకంలో చూసుకోవాలి.

పైచేయి భాష అంటే మాతృభాషేనా?

కానక్కర్లేదు. పొడుగాటి వాక్యం ఒకటి తడుముకోకుండా కట్టాల్సి వస్తే ఏ భాష ముందు నోటికొస్తుందో అదే పైచేయి భాష. మారతహళ్ళిలో పుట్టి ఇంగ్లీషు మీడియంలో చదివిన తెలుగు పిల్లకి 'అన్నం పెట్టు', 'నాకొద్దు' తెలుగులోనే వస్తాయి. అదే పిల్ల నిన్న బళ్ళో జరిగిన గొడవంతా చెప్పాలంటే ఇంగ్లీషులోకి జారిపోతుంది. ఆ పిల్లకి మాతృభాష తెలుగు, పైచేయి ఇంగ్లీషు. కడప నుంచి ఇరవై రెండేళ్ళకి ఉద్యోగానికి వచ్చినవాడి సంగతి తిరగేసి ఉంటుంది. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు మాట్లాడినా అతని వాక్యం పునాది తెలుగే. ఇద్దరూ ఒకే చైనీస్ క్లాసులో కూర్చుంటే తప్పులు ఒక్కలా రావు.

నాది ఏదో తేల్చుకోవడం ఎలా?

పరిశోధకులు వాడే సాధనాల్లో ఒకటి టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో తయారైన బైలింగ్వల్ లాంగ్వేజ్ ప్రొఫైల్. భాష ఎప్పుడు నేర్చుకున్నారు, ఎంత వాడతారు, ఎంత బాగా వచ్చు, దానితో మీకెంత అనుబంధం అనే నాలుగు భాగాల్లో 19 ప్రశ్నలుంటాయి. స్కోరు ఒక భాష వైపు 218 దాకా, రెండో భాష వైపు మైనస్ 218 దాకా పోతుంది. సున్నాకి దగ్గరగా ఉంటే రెండూ సమానమన్నమాట.

ఇంట్లో చేసుకోవాలంటే ఫోను చాలు. నిన్నటి రోజు ఎలా గడిచిందో తెలుగులో మూడు నిమిషాలు, మర్నాడు అదే సంగతి ఇంగ్లీషులో మూడు నిమిషాలు రికార్డు చేయండి. విన్నప్పుడు మూడు లెక్కపెట్టండి: వాక్యానికి సగటున ఎన్ని మాటలు, ఎన్నిచోట్ల ఆగారు, ఎన్నిసార్లు రెండో భాషలోకి దూకారు. విడి నామవాచకాలు (ట్రాఫిక్, మీటింగ్) దూకుడు కింద రావు. క్రియతో సహా వాక్యమే మారిపోతే లెక్కలోకి తీసుకోండి. తెలుగు మాట ఒక్కటే చాలా అర్థాన్ని మోస్తుంది కాబట్టి సగటు పొడుగుని మాత్రమే నమ్ముకోవద్దు. ఆగడం, దూకడం కలిపి చూస్తేనే నిజం తెలుస్తుంది.

అసలు గట్టి సాక్ష్యం మాత్రం మీ చైనీస్ తప్పులే. కింది ప్రశ్నలు చదువుతుంటే మీది ఏ పక్షమో మీకే తెలిసిపోతుంది.

చైనీస్‌లోనూ ఇంగ్లీషులాగే కర్త, క్రియ, కర్మ వరస కదా. ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే సులువు కాదా?

బెంగళూరులో చాలామంది మోసపోయేది ఇక్కడే. 'వొ హ ఛా' (నేను టీ తాగుతాను) అనే మూడు మాటల వాక్యం దాకా ఇంగ్లీషు సాయం చేస్తుంది. నాలుగో మాట చేరగానే ఎదురు తిరుగుతుంది. కాలం, చోటు, ఎవరితో అన్నవి చైనీస్‌లో మామూలుగా క్రియకి ముందే వస్తాయి, తెలుగులోలాగా. 'నేను బెంగళూరులో పనిచేస్తాను' అన్నది 'వొ జాయ్ పాన్‌చ్యాల్వొఅర్ కుంగ్‌జ్వొ'. ఇంగ్లీషు పైచేయి ఉన్నవాళ్ళు 'వొ కుంగ్‌జ్వొ జాయ్ పాన్‌చ్యాల్వొఅర్' అని చోటుని చివరికి తోసేస్తారు. ఏళ్ళు గడిచినా పోని తప్పుల్లో ఇదొకటి.

'నేను నిన్న కొన్న పుస్తకం' చూడండి. చైనీస్‌లో 'వొ జ్వొథ్యెన్ మాయ్ త షూ'. నేను, నిన్న, కొను, న్న, పుస్తకం: మాటకి మాట అదే వరస. మన 'కొన్న'లో చివరి ముక్క చేసే పని అక్కడ 'త' చేస్తుంది. ఇంగ్లీషు అలవాటు పుస్తకాన్ని ముందు చెప్పించి, వివరం వెనక తగిలించమంటుంది. ఈ వాక్యాన్ని ఇంగ్లీషులోకి తిప్పుకుని చైనీస్‌లోకి తెచ్చుకునే తెలుగువాడు చేతిలో ఉన్న వరసని పారేసి మళ్ళీ వెతుక్కుంటున్నాడు.

ప్రశ్నలూ అంతే. 'నువ్వు ఏం కొన్నావు?' అన్నప్పుడు 'ఏం' వాక్యం లోపలే ఉంటుంది. చైనీస్‌లోనూ 'నీ మాయ్ ల షన్మ' అని 'షన్మ' కర్మ ఉండాల్సిన చోటే ఉంటుంది, మొదటికి పరిగెత్తదు. 'వస్తావా రావా?' అన్నది 'లాయ్ పు లాయ్'. 'తినలేదు', 'తినను', 'అది కాదు' అని మనం మూడు రకాలుగా కాదనేది వాళ్ళ 'మెయ్ ఛి', 'పు ఛి', 'పు షి'కి సరిగ్గా అతుకుతుంది. 'డబ్బు లేదు'లో ఉన్న లేదే 'తినలేదు'లోనూ ఉన్నట్టు, 'మెయ్ ఛ్యెన్'లో ఉన్న మెయ్యే 'మెయ్ ఛి'లోనూ ఉంది. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళకి మెయ్, పు తేడా నెలల తరబడి తలనొప్పి. తెలుగువాళ్ళకి అది తలనొప్పి కానక్కర్లేదు, పుస్తకం ఇంగ్లీషులో వివరిస్తోంది కాబట్టి అవుతోంది.

అయితే తెలుగులో అనుకుని చైనీస్‌లో అనేస్తే సరిపోతుందా?

సగం దాకా. పనికొచ్చే కిటుకు ఒకటుంది. తెలుగు వాక్యం మొత్తం రాసి, చివరి రెండు ముక్కల్ని, అంటే కర్మనీ క్రియనీ, తారుమారు చేయండి. 'నేను నిన్న బెంగళూరులో స్నేహితుడితో టీ తాగాను' అన్నదాంట్లో 'టీ తాగాను' ఒక్కటీ 'తాగాను టీ' చేస్తే చైనీస్ వరస వచ్చేస్తుంది. ఇంగ్లీషు నుంచి బయల్దేరితే మూడు ముక్కలు కదపాలి.

కానీ ఈ కిటుకు మూడుచోట్ల బోల్తా కొట్టిస్తుంది.

ఎంతసేపు, ఎన్నేళ్ళు అన్నది క్రియ తరవాత వస్తుంది. 'మూడేళ్ళు చదివాను' అన్నది 'శ్యుయె ల సాన్ న్యెన్'. తెలుగు పైచేయి ఉన్నవాళ్ళు మూడేళ్ళని ముందుకి లాక్కొస్తారు. ఇక్కడ ఇంగ్లీషు వరసే మేలు. అయితే 'మూడేళ్ళుగా వెళ్ళలేదు' అన్నప్పుడు కాలం మళ్ళీ ముందుకే వెళ్తుంది: 'సాన్ న్యెన్ మెయ్ ఛ్యూ'. కాదనే వాక్యంలో తెలుగు వరస, ఔననే వాక్యంలో ఇంగ్లీషు వరస అని గుర్తుంచుకుంటే సరి.

ఒకరు ఒక పని ఎలా చేస్తారో మెచ్చుకునే మాటా క్రియ వెనకే. 'బాగా మాట్లాడతాడు' అన్నది 'థా ష్వొ త హన్ హావ్'. తెలుగువాడు 'హన్ హావ్'ని ముందు పెడతాడు. ఇంగ్లీషు పైచేయి ఉన్నవాడు వరస సరిగ్గా చెప్పి, మధ్యలో 'త' మింగేస్తాడు.

మూడోది 'షి', అంటే ఇంగ్లీషు 'ఈజ్' లాంటి క్రియ. 'ఆమె డాక్టర్' అనడానికి మనకి క్రియ అక్కర్లేదు. అందుకే తెలుగు పక్షం 'థా ఈషంగ్' అని ఆగిపోతుంది. 'థా షి ఈషంగ్' అనాలి. ఇంగ్లీషు పక్షం దీన్ని ఎప్పుడూ మరిచిపోదు కానీ, అక్కర్లేని చోట కూడా తెచ్చి పెడుతుంది: 'ఆమె పొడుగు' అన్నది 'థా హన్ కావ్', అందులో షి ఉండకూడదు. ఒకే చిన్న మాట మీద రెండు పక్షాలూ ఎదురెదురు తప్పులు చేస్తాయి కాబట్టి, మీది ఏ పక్షమో తేల్చడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. 'ఈరోజు సోమవారం' లాంటి వారాలూ తేదీలూ షి లేకుండా కూడా చెల్లుతాయి, పరీక్షకి అవి వాడకండి.

'ల' అంటే భూతకాలమేనా?

కాదు. పని పూర్తయిందన్న గుర్తు ఒకటి, పరిస్థితి మారిందన్న గుర్తు ఇంకొకటి. మొదటిది క్రియకి అంటుకుని, రెండోది వాక్యం చివర వస్తుంది. 'చదివాను, వెళ్ళాను, ఉన్నాను' అన్నింటికీ ల తగిలించడం రెండు పక్షాలకీ ఉన్న జబ్బే. కారణాలే వేరు.

'నిన్న చాలా బిజీగా ఉన్నాను' అన్నదానికి 'వొ జ్వొథ్యెన్ హన్ మాంగ్' చాలు. అక్కడ పూర్తయ్యే పనేమీ లేదు కాబట్టి ల పెట్టకూడదు. తెలుగు, ఇంగ్లీషు రెండూ అక్కడ భూతకాలం అడుగుతాయి, అందుకే ఇద్దరూ పడతారు.

'చిన్నప్పుడు రోజూ వెళ్ళేవాణ్ణి' అన్నచోట మాత్రం తెలుగు కాపాడుతుంది. మనం 'వెళ్ళాను' అనం, 'వెళ్ళేవాణ్ణి' అంటాం. మీ తెలుగు వాక్యంలో '-ఏవాణ్ణి, -ఏదాన్ని, -ఏవాళ్ళం' వస్తే ల వద్దు. ఈ నియమం ఇంగ్లీషు మీడియం పుస్తకంలో దొరకదు, ఎందుకంటే ఇంగ్లీషులో రెంటికీ ఒకే రూపం చెల్లిపోతుంది.

'పుస్తకాల షాపుకెళ్ళి మూడు పుస్తకాలు కొన్నాను' తీసుకోండి. 'వెళ్ళి'లో కాలం లేదు, కాలమంతా చివరి క్రియ 'కొన్నాను'లో ఉంది. చైనీస్ కూడా ల ని చివరి క్రియకే కడుతుంది: 'వొ ఛ్యూ షూత్యెన్ మాయ్ ల సాన్ పన్ షూ'. ఇంగ్లీషు పక్షం 'ఛ్యూ'కి కూడా ల తగిలిస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషులో రెండు క్రియలకీ కాలం ఉంటుంది.

'తినలేదు'కి 'మెయ్ ఛి'. మెయ్ వచ్చాక, పని జరగలేదని చెప్పే క్రియకి ల తగిలించకూడదు.

ఇక చివర వచ్చే ల. 'శ్యా యూ ల' అంటే ఇంతదాకా లేని వాన ఇప్పుడు వచ్చిందని. 'వొ పు హ ఛా ల' అంటే టీ మానేశానని. భూతకాలం అనుకుంటే ఈ రెండో వాక్యం 'టీ తాగలేదు' అయిపోయి, అర్థమే తప్పిపోతుంది. 'తలుపు తీసి ఉంది' లాంటి వాక్యాలకి ల జోలికే పోకండి. మన 'తీసి ఉంది'కి 'ఖాయ్ చ' సరిగ్గా సరిపోతుంది: 'మన్ ఖాయ్ చ'.

'పా' వాక్యాలు నాకు తేలిగ్గా వస్తున్నాయి, టీచరు మాత్రం సగం కొట్టేస్తున్నారు. ఎందుకు?

మీది తెలుగు పైచేయి. పా కర్మని క్రియకి ముందుకి తెస్తుంది కాబట్టి మనకి పుట్టింటికి వెళ్ళినట్టుంటుంది. 'వొ పా షూ ఫాంగ్ జాయ్ చ్వొజ షాంగ్ ల', పుస్తకాన్ని బల్ల మీద పెట్టాను. ఇది బాగా రావడంతో ప్రతి '-ని, -ను'కీ పా తగిలించేస్తారు. పా వాడేముందు నాలుగు చూసుకోండి.

మొదటిది, ఏ వస్తువో ఇద్దరికీ తెలిసి ఉండాలి. 'పుస్తకం కొన్నాను' అంటే ఏదో ఒక పుస్తకం, అక్కడ పా రాదు. 'పుస్తకాన్ని' అంటే ఫలానా పుస్తకం, అక్కడ రావచ్చు. మన '-ని' ఇక్కడ మంచి కొలబద్దే, వస్తువుల విషయంలో. మనుషుల విషయంలో కాదు: మనిషి కర్మ అయితే ఎప్పుడూ 'అతన్ని' అనే అంటాం.

రెండోది, ఆ వస్తువుకి ఏదో జరగాలి: చోటు మారడం, విరగడం, అయిపోవడం. 'అతన్ని ఇష్టపడతాను' అంటే అతనికి ఏమీ జరగలేదు, కనుక 'వొ పా థా శీహ్వాన్' తప్పు. 'వొ శీహ్వాన్ థా' అంతే.

మూడోది, క్రియ ఒంటరిగా నిలబడకూడదు. వెనక ఎక్కడ, ఎలా అయింది, ఎంత అయింది అన్నది ఏదో ఒకటి ఉండాలి, కనీసం ల అయినా. 'తిన్నాను' కంటే 'తినేశాను' అనగలిగిన చోటే పాకి చోటుందనుకోండి. 'ఛి వాన్ ల'లో 'వాన్' చేసేది మన 'ఏశాను' చేసే పనికి దగ్గరే.

నాలుగోది, కాదనే మాట పాకి ముందే రావాలి: 'వొ మెయ్ పా షూ...' అని మొదలవ్వాలి. తెలుగులో లేదు చివర ఉంటుంది కాబట్టి మెయ్‌ని క్రియ పక్కకి తోసే తప్పు మనవాళ్ళకి ప్రత్యేకం.

ఇంగ్లీషు పైచేయి ఉన్నవాళ్ళ సమస్య వేరు. వాళ్ళు పాని అసలు వాడరు. పరీక్షలో తప్పు పడదు, కానీ వినేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది.

కొలత పదాలు గుర్తుండటం లేదు.

చైనీస్‌లో అంకెకీ వస్తువుకీ మధ్య వచ్చే మాటలే కొలత పదాలు. 'మూడు పుస్తకాలు, ముగ్గురు పిల్లలు, పది మంది' అని మనం మనుషుల్నీ వస్తువుల్నీ వేరుగా లెక్కపెడతాం. ఆ 'మంది' చైనీస్ కొలత పదాలకి దూరపు చుట్టం. అందుకే భావం కొత్త కాదు, రకాలు ఎక్కువ: పుస్తకాలకి పన్, బల్లల్లాంటి చదునైనవాటికి చాంగ్, చేపలకీ ప్యాంట్లకీ రోడ్లకీ థ్యావ్, వాహనాలకి ల్యాంగ్. తోచకపోతే 'క' వాడితే పని జరుగుతుంది, రాతలో మాత్రం మార్కులు పోతాయి. మాటని విడిగా కంఠతా పట్టకండి, 'ఈ పన్ షూ' అని అంకెతో కలిపే నేర్చుకోండి. 'రెండు' లెక్కపెట్టేటప్పుడు అర్ కాదు, ల్యాంగ్ (వాహనాల ల్యాంగ్‌కి స్వరం వేరు). ముగ్గురు విద్యార్థులు అన్నప్పుడు బహువచనపు 'మన్' చేర్చకూడదు, అంకె ఉంటే అది రాదు. 'ఈ పుస్తకం' అన్నప్పుడూ కొలత పదం మరిచిపోవద్దు: 'చ పన్ షూ'.

'నాకంటే పొడుగు' ఎలా?

'థా పీ వొ కావ్'. అతను, కంటే, నేను, పొడుగు. 'కంటే' ఒక్కటి నా ముందుకి జరిగింది, మిగతాదంతా తెలుగే. 'చాలా పొడుగు' అనబోయి హన్ పెట్టారో, తప్పే. 'కావ్ త త్వొ' అనాలి.

చైనీస్‌లో కర్తని వదిలేయొచ్చంటారు. ఎప్పుడు?

'తిన్నావా?' 'తిన్నా.' మన జవాబులో నేనూ లేదు, అన్నమూ లేదు. చైనీస్ జవాబు 'ఛి ల' కూడా అంతే. ఇంగ్లీషు పక్షం ప్రతిసారీ వొ, థా, చివరికి కర్మ స్థానంలోనూ థా పెట్టి బరువు పెంచుతుంది. తెలుగు పక్షం చేసే తప్పు దీనికి ఎదురు. 'తిన్నాను'లో చివరి 'ను' ఎవరో చెప్పేస్తుంది, చైనీస్ క్రియకి అలాంటి తోక లేదు. కథ చెబుతూ మధ్యలో కర్త మారితే, మారినచోట పేరో సర్వనామమో తప్పక పెట్టండి. మారనంతసేపూ వదిలేయండి.

మనం, మేము తేడా వెతికేవాళ్ళకి: ఉత్తర చైనా మాటల్లో 'మనం'కి జాన్‌మన్ ఉంది, వొమన్ రెంటికీ చెల్లుతుంది.

నాకు తెలుగు కన్నా కన్నడ ఎక్కువ వచ్చు. పైన చెప్పింది మారుతుందా?

పెద్దగా మారదు. వాక్యపు వరస, విశేషణ వాక్యం ('నేను నిన్న కొన్న' లాంటిది) ముందుకి రావడం, ప్రశ్న పదం లోపలే ఉండటం కన్నడలోనూ అంతే. తెలుగు పక్షం అన్నచోట కన్నడ పక్షం అని చదువుకోండి.

సింగపూర్ నుంచి తిరిగొచ్చాం. పాప అక్కడ బళ్ళో మాండరిన్ చదివింది. ఇక్కడ మరిచిపోతుందా?

సింగపూర్ బళ్ళలో ద్రావిడ భాషల్లో తమిళం ఉంది, తెలుగు లేదు. అందుకే కొన్ని తెలుగు కుటుంబాలు మాండరిన్ ఎంచుకుంటాయి. అక్కడ 2020 జనగణన ప్రకారం అయిదేళ్ళు దాటినవాళ్ళలో 48.3 శాతం ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఇంగ్లీషు, 29.9 శాతం మాండరిన్. అంటే బళ్ళో మాండరిన్ ఉన్నా పిల్ల చుట్టూ బలంగా వినబడింది ఇంగ్లీషే. పైగా అక్కడి మాటల్లో 'వొ జౌ శ్యెన్' (నేను ముందు వెళ్తాను) లాంటి కాంటొనీస్ (హాంకాంగ్, దక్షిణ చైనాల్లో మాట్లాడే మరో చైనీస్ భాష) వరసలు ఉంటాయి, పరీక్ష మాండరిన్‌లో 'వొ శ్యెన్ జౌ' అనాలి. దాన్ని పిల్ల తప్పుగా చూడకండి, అక్కడి వాడుక అది.

బెంగళూరు వచ్చాక ముందు తగ్గేది మాటల సంఖ్య. వరస కొంతకాలం నిలుస్తుంది. పా, కొలత పదాలు, ల తొందరగా సడలుతాయి. వారానికి మూడుసార్లు ఇరవయ్యేసి నిమిషాలు, పిల్లే కథ చెప్పేలా చూడండి. వినడం ఒక్కటే అయితే అర్థమవుతూ ఉంటుంది కానీ నోరు మూగబోతుంది. ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషు పెంచితే చైనీస్‌కి లాభమని కొందరు చెప్పే సలహా వినకండి. పైన చూసినవాటిలో చాలామటుకు ఆ సలహాకి ఎదురు సాక్ష్యాలే.

తప్పులన్నీ పైచేయి భాష వల్లేనా?

కాదు, ఇందులో పరిశోధకులకీ ఏకాభిప్రాయం లేదు. హాంకాంగ్‌లో కాంటొనీస్, ఇంగ్లీషు కలిసి పెరిగిన పిల్లల మీద వర్జీనియా యిప్, స్టీఫెన్ మాథ్యూస్ చేసిన పని 2007లో పుస్తకంగా వచ్చింది. కాంటొనీస్ పైచేయి ఉన్న పిల్లల ఇంగ్లీషులో ప్రశ్న పదం లోపలే ఉండిపోవడం, విశేషణ వాక్యం నామవాచకానికి ముందుకి రావడం వాళ్ళు చూపించారు. రెండు భాషల్లో వాక్యపు సగటు పొడుగుల తేడానే వాళ్ళు పైచేయికి కొలతగా తీసుకున్నారు. 2000లో ఆఫ్కే హల్క్, నటాషా ముల్లర్ మాత్రం వేరే మాటన్నారు: రెండు భాషల నిర్మాణాలు పైకి ఒకేలా కనబడి, సందర్భాన్ని బట్టి మారే చోట, ఏది పైచేయి అయినా ప్రభావం పడుతుందని. కర్తని వదలడం, పా వాడకం అలాంటి చోట్లే. ఇవి కాక, చైనా పిల్లలూ చిన్నప్పుడు 'క'నే అన్నిటికీ వాడతారు. అది ఏ భాష నీడా కాదు, ఆ నిర్మాణానికున్న కష్టం.

హెచ్‌ఎస్‌కే (చైనీస్ ఎంత వచ్చో కొలిచే చైనావాళ్ళ పరీక్ష)లో ఇది ఎక్కడ తగులుతుంది?

ఆరు స్థాయుల పద్ధతిలో మూడో స్థాయి నుంచి మాటల్ని వరసలో పెట్టే ప్రశ్నలు మొదలవుతాయి: మూడులో రాత విభాగంలోని 10లో 5, నాలుగులో 15లో 10. చివరి రెండు ముక్కలు తారుమారు చేసే కిటుకు ఇక్కడ నేరుగా మార్కులు తెస్తుంది. 2021 జూలై 1 నుంచి చైనాలో తొమ్మిది స్థాయుల ప్రమాణం అమల్లోకి వచ్చింది కాబట్టి, ఫీజు కట్టేముందు మీరు రాసేది ఏ పద్ధతో అడగండి.

తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషు పక్షాలు కలిసిన క్లాసులో టీచరు ఏం చేయాలి?

మొదటి వారంలోనే పన్నెండు వాక్యాలు రాయించండి: రెండు షి, రెండు చోటు, రెండు విశేషణ వాక్యం, రెండు కాలవ్యవధి, రెండు ల, రెండు పా. ఇంగ్లీషు ప్రశ్నపత్రం ఇవ్వకండి, ఇస్తే అందరూ ఇంగ్లీషు తప్పులే చేస్తారు. బొమ్మలు చూపించి రాయించండి. చోటు చివర, షి ఎక్కువ, పా సున్నా అయితే ఇంగ్లీషు పక్షం. షి తక్కువ, పా అతిగా, కాలవ్యవధి ముందు అయితే తెలుగు పక్షం. తరవాత ఇంటిపని వేరు చేయండి: మొదటివాళ్ళకి వారానికి ముప్పై విశేషణ వాక్యాలు, రెండోవాళ్ళకి ముప్పై 'ఎంతసేపు' వాక్యాలు. ఆరు వారాలకి అవే బొమ్మలు వరస మార్చి మళ్ళీ ఇవ్వండి. అప్పటికీ మారని తప్పు ఒకటో రెండో మిగులుతాయి, అవి సాధారణంగా ల దగ్గరే ఉంటాయి. వాటిని వాక్యాలుగా కాక, పది వాక్యాల చిన్న కథగా రాయిస్తేనే కదులుతాయి.